ఖాళీగా బీజాపూర్ వెళ్లిన బస్సు

బస్సు లోయలో పడితే తప్ప మా రోడ్డు మీకు గుర్తు రాదు. అందుకే పడని బస్సు గురించి చెబుతున్నాను.

ఈ ఉదయం భోపాల్‌పట్నంలో బీజాపూర్ బస్సెక్కి కూర్చున్నాం. ఇంతలో డ్రైవర్‌కు ఫోనొచ్చింది. ఈ రకం బస్సుల బ్రేకుల్లో లోపముందని, తయారుచేసిన కంపెనీ అన్నిటినీ వెనక్కి పిలుస్తోందట. జనాన్ని దించేసి జగదల్‌పూర్ వర్క్‌షాప్‌కు తెమ్మన్నారు.

మొదట ఎవరూ కదల్లేదు. బరువు తగ్గితే బ్రేకు పడుతుందని ఎవరో అన్నారు. వెంటనే మగవాళ్లంతా దిగి, టాపు మీది ఇప్పపువ్వు మూటలు కూడా దించేశారు. బీజాపూర్ ఆసుపత్రికి డయాలసిస్‌కు వెళ్తున్న ఒక ముసలమ్మను, ఆమె కోడలు లక్ష్మిని మాత్రం దిగనివ్వలేదు.

"ఇగ తేలికైంది గదా, పోనీయ్ అన్నా," అంది లక్ష్మి.

"బరువుతోటి కాదక్కా, బ్రేకే ఖరాబ్. మీకేమన్నయితే నన్ను జైల్ల పెడతరు," అన్నాడు డ్రైవర్.

ప్రాణం ముఖ్యం కదమ్మా అని నేను కల్పించుకున్నాను.

"ఈడ కూసుంటే ప్రాణం ఉంటదా సార్?"

డ్రైవర్ మాట నిజం. ఆమె మాటా నిజమే. అత్తాకోడళ్లిద్దరినీ దించేసి, బస్సు అదే బీజాపూర్ మీదుగా జగదల్‌పూర్‌కు ఖాళీగా వెళ్లిపోయింది. జీపు కోసం తిరిగాం, దొరకలేదు. ఉన్న ఒక్క బస్సునూ భద్రత పేరుతో తీసుకుపోతే ఇక్కడ భద్రంగా మిగిలేదెవరు? నాతో వాదించాలనుకుంటే రండి, బస్సు దొరికితే.

మా డిమాండ్లు:
- బస్సును వెనక్కి పిలిచే ముందే బదులు బస్సు పంపాలి.
- మళ్లీ ఎప్పుడొస్తుందో బస్టాండులో రాసి పెట్టాలి.
- లక్ష్మి అత్తను ఈ సాయంత్రమే ఆసుపత్రికి చేర్చాలి.