‘స్థానిక పాత బస్టాండు’ కోసం మూడు ఊళ్ళు తిరిగిన ఆదివారం

విజయవాడలో ఉద్యోగం చేస్తున్నా, పొద్దున లేవగానే నేను చదివేది మా కడప జిల్లా వార్తల సైటే. పోయిన నెల అందులో ఓ చిన్న వార్త కనబడింది. ‘స్థానిక పాత బస్టాండు వెనకనున్న మైకుసెట్టు అంగడి ఆదివారంతో మూత. పల్లెల్లో నాటకాలు రికార్డు చేసిన క్యాసెట్లు కావలసినవారు వచ్చి తీసుకోవచ్చు.’ ముద్దనూరు దగ్గరి మా పల్లెలో నాయన నాటకాల్లో పద్యాలు పాడేవాడు. ఆయన పోయాక ఫొటోలు మిగిలాయి గానీ గొంతు మిగల్లేదు. ఆ గొంతు ఒక్కసారి వినాలని నాకు ఎన్నేళ్ళుగానో ఉంది. అప్పట్లో మైకుసెట్టు ఏ ఊరి నుంచి వచ్చేదో నాకు తెలియదు. వార్తలో చూద్దామంటే ఊరి పేరే లేదు. స్థానికమట! ఎవరికి స్థానికం? సైటులో ఉన్న నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇక లాభం లేదని శనివారం రాత్రి బస్సెక్కేశాను.

పెద్ద ఊరు కదా అని ముందు ప్రొద్దుటూరులో దిగాను. ఉగ్గాని, బజ్జీ తిని ఆటో మాట్లాడుకున్నాను. వందడిగి ఎనభైకి వచ్చాడు. సంగతి చెబితే డ్రైవరు, “ఆ వార్త నేనూ చూసినక్కా. పాత బస్టాండంటే మనదే అనుకుంటి,” అన్నాడు. వెనక సందులో మైకుల అంగడి ఉంది, నిజమే. అక్కడ పెళ్ళి కోసం డీజే బాక్సులు సర్దుతున్నారు. క్యాసెట్ల మాట ఎత్తగానే యజమాని తల పట్టుకున్నాడు. “నేనేంటికి మూస్తానమ్మా? మూస్తాండావంట గదా అని రెండు దినాలుగా ఒకటే ఫోన్లు. ఆ రాసినోడు యాడుండాడో చూపిచ్చు, చెప్తా!”

ఇది కాకపోతే మా పల్లెకు దగ్గరిదే అయ్యుంటుందని జమ్మలమడుగుకు పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ముప్పావుగంట ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు. బస్సులో గండికోట చూడబోయే పిల్లలు కేరింతలు కొడుతుంటే నాకు అసూయ కలిగింది. వాళ్ళు వెతికే కోట ఎక్కడుందో వాళ్ళకు తెలుసు. జమ్మలమడుగు పాత బస్టాండులో దోశలు పోసే ఆవిడను అడిగాను. ఆమె అట్లకాడ పక్కన పెట్టి, “ఆ సైటుకు మా తమ్ముడూ రాస్తాడు. ఉండు, అడుగుతా,” అని ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

“అది పులివెందుల వార్తక్కా,” అన్నాడతను. “ఊరికొకరం రాసి పంపుతాం. పేపరుకు రాసిన అలవాటు. ఆడైతే పైన ఊరి పేరు ఆఫీసోళ్ళే ఏస్తాండ్రి. ఈడ ఎవురూ ఎయ్యరు. ఇంతకీ నువ్వు బిన్నే పో, సాయంత్రానికి మూసేస్తాడు.”

తిట్టాలనుకున్నాను గానీ పులివెందుల బస్సు కదులుతోంది. దారి ముద్దనూరు మీదుగానే. మా పల్లెకు తిరిగే రోడ్డు కిటికీలోంచి కనబడగానే ప్రాణం ఉసూరుమంది. దిగాలనిపించింది. దిగితే అంగడి మూసేస్తారు. బస్సు ముందుకు పోయేదాకా తల తిప్పుకొని ఆ రోడ్డునే చూస్తూ కూర్చున్నాను.

పులివెందులలో అంగడి సగం షట్టరు దించి ఉంది. లోపల మస్తాన్ అనే పెద్దాయన క్యాసెట్లను గోతంలో వేస్తున్నాడు. ఒక్కదాని మీదా చీటీ లేదు. నా మొహం చూసి నవ్వాడు. “చీటీలు ఊడిపోతాయని నాకు అప్పుడే తెలుసమ్మా. అందుకే టేపు తిరగంగానే, మైకు కాడ ఎవురుంటే వాళ్ళతో ఊరి పేరు చెప్పిస్తాంటి. యా ఊరు మీది?”

చెప్పాను. ఒక్కొక్కటే వేస్తూ పోయాడు. చక్రాయపేట అన్నదొక గొంతు, వేంపల్లె అన్నదింకొకటి. ఎవరెవరి ఇంటివాళ్ళో, ఎంత గట్టిగా చెబుతున్నారో! గోతం నిండుతున్నకొద్దీ నాకు ఆశ తగ్గిపోయింది. అప్పుడు వినబడింది.

“ఇది కొత్తపల్లె. ముద్దనూరు కాడి కొత్తపల్లె. ప్రొద్దుటూరు కాడిది గాదు, వినేటోళ్ళు గుర్తు పెట్టుకోండప్పా!”

నాయన! వెనక ఎవరో నవ్వారు, హార్మోనియం ఎత్తుకుంది, అంతలో టేపు చిక్కుకుపోయింది. మస్తాన్ పెన్సిలుతో తిప్పి సరిచేసి మళ్ళీ వేశాడు. మళ్ళీ అక్కడే ఆగింది. “ఇంతే మిగిలిందమ్మా,” అన్నాడు దిగులుగా. పద్యం కోసం వచ్చినదాన్ని, ఏడుస్తూ, “ఇంకోసారి ఎయ్యి మామా,” అన్నాను.

ఆ మాటలు ఫోనులోకి ఎక్కించుకున్నాను. పద్యం వినలేదన్న బాధ ఉంది, ఉంటుంది. మీరూ ఇలాంటి వార్త పట్టుకుని బయల్దేరితే, బస్సెక్కకముందే చుట్టుపక్కల ఊళ్ళల్లో తెలిసినవాళ్ళకు ఒక్కో ఫోన్ చేసి ఏ ఊరిదో తేల్చుకోండి. వార్తలు రాసేవాళ్ళకు నేను చెప్పేదొక్కటే. ఊరి పేరు, మండలం మొదటి వాక్యంలోనే రాయండి. మీ ఊళ్ళో ఉన్నవాళ్ళకు మీ వార్తతో పనిలేదు, వాళ్ళు అంగడి ముందు నుంచే నడుస్తారు. దాన్ని రెండుసార్లు చదివేది ఆ ఊరికి దూరమైపోయినవాళ్ళే.