కాగకముందే కదిలిన బండి

మా పెదనాయిన పోయిన బుధవారం పొద్దున మిర్యాలగూడలో కన్నుమూశాడు. ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఆయన పనిచేసిన బియ్యం మిల్లులో, డ్రైవర్ల గదిలో ఆయన ఫొటో పెడుతున్నారు. దాని కింద 'చదువు లేకపోయినా నమ్మకంగా పనిచేసిన డ్రైవర్' అని రాయిస్తారట. అది అబద్ధం కాదు. కానీ ఆయన గురించి చెప్పాల్సిన మాట అది కాదు.

ఆయన మా నాన్నకు అన్న. మఠంపల్లి దగ్గరి మా ఊళ్లో ఇద్దరూ గొర్రెలు కాసినవాళ్లే. పెదనాయిన లారీ క్లీనరుగా ఊరు దాటి, డ్రైవరై, చివరికి మిల్లు సేటుగారి బండ్ల దగ్గర కుదురుకున్నాడు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. డిగ్రీ చదివిన మూడేళ్లూ ఆయన ఇంట్లోనే ఉన్నాను.

ఇంజన్ కాగనిదే ఆయన బండి కదిలించేవాడు కాదు. పొద్దున్నే జీపు స్టార్ట్ చేసి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. మీటర్ల వైపు చూసేవాడే కాదు. సేటుగారు తొందరపడితే, "జర ఆగుండ్రి సేటూ. నిద్ర లేసిన మనిషినే లేసినట్టు ఉరికియ్యం" అనేవాడు. సేటుగారు ఆగేవారు.

కిందటేడు సేటుగారు హైబ్రిడ్ కారు కొన్నారు. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే బండి. అది వచ్చిన పొద్దున, కాలేజీకి పోతూ నేనూ మిల్లు దగ్గర ఆగాను. పెదనాయిన బటన్ నొక్కాడు. లైటు వెలిగింది, చప్పుడు లేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ నొక్కాడు. ఉన్న లైటూ పోయింది. ఇలా నాలుగైదు సార్లయ్యాక ఇంజన్ దానంతటదే మోగింది. ఆయన సంబరంగా దిగి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడ ఉండగానే ఇంజన్ ఆగిపోయింది.

మిల్లు మేనేజరు నవ్వాడు. "ఇది నీతోని కాదు గని, హైదరాబాద్ నుంచి ట్రైనింగైన డ్రైవర్ని పిలిపిస్త. నువ్వు ట్రాక్టర్ సూసుకో."

సేటుగారు మాత్రం, "ఆదివారం కోదాడ మీదుగ సూర్యాపేట పోవాలె. అందాక సూద్దాం" అన్నారు.

ఆ సాయంత్రం పెదనాయిన కారుతో వచ్చిన పుస్తకం తువ్వాలలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. "సదువు బిడ్డా. నాకు సమజయ్యేదాంక సదువు."

నాకు ఇంగ్లీషు వచ్చు, కార్లు తెలియవు. ఒకచోట బ్యాటరీ కాగాలి అని చెబితే ఆయన నవ్వాడు. "బ్యాటరీ కాదే, ఇంజన్ల నీళ్లు. ఇంగ్లీషు నీది గని ఇంజన్ నాది. మళ్ల సదువు." మళ్లీ చదివితే ఆయన చెప్పిందే నిజం. అసలు సంగతి ఆ తర్వాత పేజీలో ఉంది: ఈ బండిని నిలబెట్టి కాగనివ్వాల్సిన పని లేదు. మొదట కొంత దూరం మెల్లగా నడిపితే, ఇంజన్ అవసరమైనప్పుడు తనే మోగి దారిలోనే కాగుతుంది.

ముప్పై ఏళ్ల అలవాటు. ఆయన ఆ పేజీ ఇంకోసారి చదివించుకున్నాడు. తర్వాత, "కాగుడైతే ఉన్నది గద. నిలవడి కాగేది నడుసుకుంట కాగుతది. గంతే" అన్నాడు.

మూడు రోజులు వడ్లు ఆరబోసే గచ్చు మీద బండి తిప్పాడు. బ్రేకు మీద కాలు, బటన్ ఒక్కసారే, పచ్చ లైటు వెలిగితే ఇక నొక్కొద్దు. ఆ లైటులోని 'రెడీ' అనే ఇంగ్లీషు అక్షరాలను చూసి చూసి, ఒకరోజు గచ్చు మీది దుమ్ములో వేలితో రాసి చూపించాడు. ఆయన జీవితంలో రాసిన మొదటి మాట అదే.

ఆదివారం సూర్యాపేటలో మా అత్తమ్మ ఇంటికి వెళ్లాల్సి ఉండి నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. ఊరు దాటేదాకా ఆయన పెడల్ మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టాడు.

"ఏందయ్యా, ఎడ్లబండి లెక్క?" అన్నారు సేటుగారు.

"కాగుతున్నది సేటూ."

హుజూర్‌నగర్ వచ్చేసరికి సేటుగారు నిద్రపోయారు. పెదనాయిన అద్దంలో చూసి నాకు కన్ను గీటాడు.

కోదాడలో చాయ్ తాగి బయలుదేరేటప్పుడు బటన్ నొక్కాడు. ఎప్పటిలాగే చప్పుడు లేదు. పక్కనున్న లారీ డ్రైవర్లలో ఒకాయన, "ఏం పెద్దాయనా, స్టార్ట్ అవ్వట్లేదా? తొయ్యమంటారా?" అన్నాడు.

పెదనాయిన తల బయటపెట్టి, "తోయున్రి. దొరికితే తోయున్రి" అన్నాడు.

ఇద్దరు లుంగీలు ఎగ్గట్టి బండి వెనక్కి వచ్చారు. వాళ్ల చేతులు ఆనేలోపే బండి సద్దు లేకుండా జారిపోయింది. సేటుగారు పగలబడి నవ్వి, అక్కడికక్కడే మేనేజరుకు ఫోన్ చేశారు. "ఎవర్నీ పిలవకు. మనకు డ్రైవర్ ఉన్నడు."

ఆ తర్వాత ఏడాదిపాటు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో ఇలాంటి బండి కొన్నవాళ్లు తమ డ్రైవర్లను ఆయన దగ్గరికే పంపారు. వచ్చినవాళ్లకు ఆయన మొదట తాళం ఇచ్చేవాడు కాదు. "ముందుగాల పుస్తకం సదివిచ్చుకో. అడుగుడు నామోషీ గాదు" అనేవాడు.

ఆ డ్రైవర్లందరికీ నా మనవి. ఫొటో కింద 'నేర్చుకుని, నేర్పిన డ్రైవర్' అని ఉండాలని నా పట్టుదల. సాక్ష్యం ఉంటే రాయిస్తామన్నారు సేటుగారు. ఆయన దగ్గర మీరు నేర్చుకున్నది ఒక్క ముక్క రాసి, ఈ నెల ఇరవయ్యో తారీఖులోగా మిల్లు ఆఫీసుకు చేర్చండి. రాయడం రానివాళ్లు పిల్లలతో రాయించి పంపండి.