గంగవ్వ వేలు, తాత షుగరు

నవ్వుతే నవ్వుండ్రి గని, మా డాక్టర్ సార్ చెవుల మాత్రం ఎయ్యకుండ్రి. పేషంట్‌కు షుగర్ చూసుకునుడు నేర్పియ్యవోయి, నేనెట్ల ఇరుక్కున్ననో చెప్త.

బీర్కూర్ల సాయిలు అని ఒక తాత. చెరుకు కొట్టినంక చెప్పుల్లేకుంట చేన్ల తిరిగితే మోడు గుచ్చుకున్నది. అసలే షుగర్ మనిషి, కాలి బొటనవేలికి పుండువడ్డది. బాన్సువాడల మా దవాఖానల కొన్ని రోజులున్నడు గని, "నా బర్లు, నా మోటరు" అని ఒకటే లొల్లి. సార్‌కు యాష్టకొచ్చింది. "ఇంటికే పో. మా సిస్టర్ వచ్చి పట్టి మారుస్తది. షుగర్ మాత్రం రోజు పొద్దుగాల మిషన్ల చూసుకొని ఫోన్ జెయ్యాలె. దాన్నిబట్టి ఇన్సులిన్ ఎంతనో చెప్త. పుండు మానలేదనుకో, వేలు తీసుడే" అన్నడు. తాత భార్య గంగవ్వ కొంగు నోట్లె కుక్కుకున్నది.

మన దిక్కు గీ మిషన్లు కొత్తనాయె. నేర్పిచ్చుడు నర్సమ్మనైన నా డ్యూటీ. వాళ్లింట్ల కూసొని ఫుల్ స్టైల్‌ల మొదలువెట్టిన. "గిది మిషన్, గిది స్ట్రిప్, గిది సూది పెన్ను." సూది చూసుడుతోనే తాత చెయ్యి గుంజుకొని ఎనుకకు దాసుకున్నడు. ఎడ్ల కొమ్ములు వంచిన మనిషి! ఎంత బతిలాడినా ఇయ్యడు. నాకు బస్సు టైమైతుంది. "అవ్వా, నువ్వన్న వేలియ్యి, ఎట్లనో చూపిస్త" అన్న. గుచ్చిన, చుక్క వచ్చింది, నంబర్ వచ్చింది. అవ్వ ఒక్కసారికే పట్టేసింది.

తెల్లారి నుంచి ఫోన్లు. "సిస్టరమ్మా, గియ్యాల నూట పది." "గియ్యాల నూట రెండు." సార్ ఖుష్! "నీ ట్రైనింగ్ సూపర్" అన్నడు. నేను దవాఖానంత తిరుక్కుంట చెప్పుకున్న.

గని పుండు మానుతలేదు! గిదేంది? షుగర్ మంచిగుండంగ పుండెందుకు పచ్చిగనే ఉన్నది? నేను పట్టి తప్పు కడుతున్ననా? "తాతా, దొంగతనంగ బెల్లం తింటున్నవా?" అని అడిగిన. "నీ తోడు బిడ్డా, జొన్నరొట్టె తప్ప ఏం ముడుతలేను." మిషన్ ఖరాబైందేమోనని కొత్త బ్యాటరీ ఏసిన. అయినా గంతే. ఆఖరికి సార్ తల గోక్కొని, "కాలుకు రక్తమే పారుతలేదు కావచ్చు. సోమవారం వేలు తీద్దాం" అన్నడు. తాతకు ఎట్ల చెప్పాలె?

ఏడనో ఏదో తప్పుతుంది. అదేందో తెలుసుకోకుంటే నా పాణం ఊకుంటదా! ఫస్ట్ బస్సుకే ఉరికిన.

"అవ్వా, రోజు ఎట్ల చూస్తుండ్రో నా ముంగట చెయ్యి."

అవ్వ చేతులు కడుక్కున్నది. కొత్త సూది ఏసింది. స్ట్రిప్ వెట్టింది. అంత నేను నేర్పినట్టే. తాత పక్కకే కూసొని చూస్తుండు. అవ్వ టక్కున తన వేలే గుచ్చుకున్నది!

"అయ్యో అవ్వా! నీ వేలెందుకు?"

"నువ్వు నా వేలు గుచ్చే గదా బిడ్డా నేర్పినవ్?"

"షుగర్ తాతకు గదా!"

"ఒక్క కుండల వండిందే ఇద్దరం తింటం. ఆయనకొకటి, నాకొకటి వస్తదా? కడుపుల ఇన్సులిన్ సూదికే ఇల్లు పీకి పందిరేస్తడు. మళ్ల వేలుకొకటా, పాపం!"

తాతేమో మురుసుకుంట, "మా గంగ నా కోసం రోజు రక్తం దీసుకుంటది" అంటుండు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు.

ఇగ తాతకు ధైర్యం రావాలె గదా. "చూడు తాతా, చీమ కుట్టినట్టే" అని ఇంకో సూది ఏసి నా వేలు నేనే గుచ్చుకున్న. చుక్క ఎట్లనూ వచ్చింది, చూద్దామని స్ట్రిప్‌కు అంటిచ్చిన. రెండు వందల పద్నాలుగు!

"గదీ... బస్టాండ్ల చాయ్ తాగొచ్చిన అవ్వా."

అవ్వ నన్ను కింది నుంచి మీది దాక చూసింది. "ఈయన గూడ గట్లనే అంటడు" అన్నది.

తాతకు మాత్రం యాడలేని హుషారొచ్చింది. తనది ఎక్కువనో నాది ఎక్కువనో చూడాలని తనే వేలు చాపిండు! మళ్ల కొత్త సూది ఏసి గుచ్చిన. మూడొందల మీద. "నేనే గెలిచిన!" అన్నడు. ఉరికి సార్‌కు ఫోన్ జేసిన. సార్ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టి, ఇన్సులిన్ పెంచి, సోమవారం ఆపరేషన్ ఆపిండు. మెల్లమెల్లగ పుండు ఎండింది. తాత వేలు దక్కింది. నాకు గూడ షుగర్ గోలీలు షురువైనై.

గిప్పుడు అవ్వ తాత నంబర్ చెప్పినంక ఫోన్ పెట్టదు. "నీదెంత సిస్టరమ్మా?" అంటది. చెప్పిందాక ఇడువదు. మొన్న పెండ్లిల లడ్డూలు మస్తు లాగించిన. తెల్లారి ఫోన్ మోగింది. ఏం జెయ్యాలె? పక్కకు మా ఆయన గుర్రు కొడుతుండు. మెల్లగ ఆయన వేలు గుచ్చి, "తొంభై ఎనిమిది అవ్వా" అని చెప్పిన.