పంటు మీద కొబ్బరి లౌజు

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటడానికి పంటు ఎక్కాను. మాది కరీంనగర్, ఈ వైపు నాకెవరూ తెలియదు. అయినా పక్కన నిలబడ్డ పెద్దావిడ స్టీలు డబ్బా మూత తీసి, కొబ్బరి లౌజు ఒకటి నా చేతిలో పెట్టింది.

"తీసుకోండి బాబూ, పేరు పెట్టుకున్నామండి" అంది.

"మనవడా, మనవరాలా?"

ఆవిడ నవ్వి భర్త వైపు చూసింది. ఆయన ఫోన్ తీసి ఫోటో చూపించారు. నల్లగా నిగనిగలాడుతూ, కొత్త సబ్‌మెరైన్.

ఆయన నేవీలో చేసి రిటైరయ్యారట. సబ్‌మెరైన్‌లో సోనార్ దగ్గర కూర్చుని, నీళ్లలో వినపడే చప్పుడును బట్టి దగ్గర్లో ఏ ఓడ ఉందో చెప్పడం ఆయన పని. ఆ సబ్‌మెరైన్‌కి ఓ సొరచేప పేరు. దాన్ని తుక్కుకి పంపేశాక ఆయన చాన్నాళ్లు సరిగ్గా అన్నం తినలేదని ఆవిడ చెప్పింది.

"ఇప్పుడు కొత్తదానికి అదే పేరా?" అన్నాను.

"ఆయ్, అదేనండి. మావగారి పేరు మనవడికి పెట్టుకుంటాం కదండీ, ఇదీ అంతే. నరసాపురంలో మా చుట్టాలకి పంచడానికెళ్తున్నాం" అంది ఆవిడ.

నాకూ హుషారొచ్చింది. పసిపిల్లని చూడ్డానికి వచ్చినవాడిలా, "ఎవరి పోలికండీ?" అని అడిగాను.

ఆయన ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని శ్రద్ధగా చూశారు. "ముక్కు పాతదాని పోలికేనండి. గొంతే ఇంకా వినలేదు."

"వినాలని ఉందా?"

"లేదండి. దాని గొంతు ఎవరికీ వినపడకూడదు. వినపడలేదంటే లోపలున్న పిల్లలంతా క్షేమంగా ఉన్నట్టండి."