మిల్లు చెవులు

వడమాలపేట దాటినాక స్పిన్నింగ్ మిల్లు ఉండిన చోట ఇప్పుడు విల్లాలు లేచాయి. దూది గోడౌను జిమ్ అయింది. లేబరు క్వార్టర్లు పడగొట్టి పార్కు వేశారు. పొగగొట్టం మాత్రం ఉంచారు, బ్రోచర్లో ఫోటో బాగుంటుందని. మిల్లు మూతపడ్డాక జనం తడ వైపు కంపెనీలకు పోయారు. రాజారత్నాన్ని ఆ వయసులో ఎవరు తీసుకుంటారు? అదే గేటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. గేటు పక్క గదిలోనే కాపురం. పని పోతే గదీ పోతుంది.

దాచుకున్న సంగతి ఒకటుంది. ఆయనకు చెవులు వినపడవు. బతుకంతా నూలు మెషీన్ల మోతలో నిలబడినోడికి ఇంకేం మిగుల్తుంది? ఆ మోతలో అరిచినా లాభం లేదు గనక మిల్లోళ్లు గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లు. మేస్త్రీని అతని వెనకాలే బూతులు తిట్టుకునేవాళ్లు. తన భార్య కృపామణిని ఆయన పెళ్లికి అడిగింది కూడా అట్లాగే, రెండు మెషీన్ల అవతలినుంచి.

ఇప్పుడామె రోడ్డవతల టీ బంకు పెట్టుకుంది. ఆయన వెనక హారన్ మోగితే ఆమె చెయ్యెత్తుతుంది, ఈయన గేటు తీస్తాడు. మొన్న ఆమె జ్వరంతో పడుకుంది. విల్లాల సెక్రెటరీ గిరిప్రసాద్ కారు హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయింది.

ఈ పొద్దున గిరిప్రసాద్ నేరుగా వచ్చాడు. "ఏమప్పా, నీకు చెవుడంట కదా?"

"లేదు సార్! బాగా ఇనపడతాది!"

"అరవబాక. నేనేమన్నా పలమనేరులో ఉండానా? ఆపక్కకు తిరుక్కో. నేను చెప్పింది మళ్లా చెప్పు."

రాజారత్నం రోడ్డు వైపు తిరిగాడు. ఎదురుగా కృపామణి. గిన్నె వదిలేసి సెక్రెటరీ మూతినే చూస్తోంది. ఆమె పెదాలు కదిలాయి.

"మూడో విల్లాకు పాలు రాలేదు," అన్నాడు రాజారత్నం.

మళ్లీ కదిలాయి.

"పొగగొట్టంలో గబ్బిలాలుండాయి."

కృపామణి నవ్వింది. ఇంకొక్కటి, అంతేనని వేలు చూపించింది.

అప్పుడే పుత్తూరు బస్సొచ్చి ఇద్దరి మధ్యా ఆగింది. మూటతో ఒక ముసలామె మెట్టు మెట్టుకూ నిలబడుతూ దిగుతోంది. రాజారత్నం వంగి చూశాడు. బస్సు కింద కృపామణి కాళ్లు కనిపించాయి, అటూ ఇటూ పరిగెడుతూ. పెదాలు లేవు.

"మూడో విల్లాకు పాలు..." అని తోచక పాత మాటే మొదలుపెట్టాడు. గొంతు మళ్లీ అరుపుగా పైకి లేచిపోయింది.

బస్సు కదిలింది. కృపామణి రోడ్డు అంచున నిలబడి ఉంది. ఆమె వెనక పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. ఏం చెప్పినావని పెదాలతో అడిగింది.

వెనక్కి తిరిగితే గిరిప్రసాద్ మొహం చూడాలి. రాజారత్నం తిరగలేదు.