తిరగలి చప్పుడు కింద నా పేరు

నేను డిగ్రీ పాసయ్యాను. ఫస్ట్ క్లాసులో. మా ఇంట్లో నాకంటే ముందు పదో తరగతి దాటినవాళ్లు లేరు, మా ఊళ్లో డిగ్రీ దాకా వెళ్లినవాళ్లు లేరు. ఈ మాట మూడు రోజులుగా నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ ఫోన్ చెయ్యకూడదని అమ్మ ఆంక్ష. ఈ ఉదయమే అది తీరింది. ఎందుకు ఆగాల్సి వచ్చిందో ముందు రాసి పెట్టుకుంటున్నాను. మరిచిపోతానని కాదు. పదిమందికి చెప్పాక నేనే ఏదో ఒకటి కలిపేస్తానేమోనని.

నాకు దయ్యాలూ గియ్యాలూ అంటే ఎప్పుడూ నమ్మకం లేదు. హాస్టల్లో చివరి గదిలో దయ్యముందని ఎవరూ పడుకోకపోతే ఆరు నెలలు నేనొక్కదాన్నే పడుకున్నాను. చదివింది కంప్యూటర్లు. ఏదైనా వింతగా కనిపిస్తే ముందు వైరు ఊడిందేమో చూసే రకం.

మాది హుకుంపేట దగ్గర కొండ మీది ఊరు. కొత్త పంట ఇంటికొస్తే ముందు పెద్దలకి పెట్టాలి, అంటే పోయినవాళ్లకి. కొర్రల కొత్త పండగ రోజు మా ఇంటి ఆడమనిషి తిరగలి తిప్పుతూ ఆ పెద్దల పేర్లు వరసగా పాడుతుంది. ఒక్కో పేరుకి ఒక పిడికెడు చాటలో వేస్తుంది. వాళ్ల తర్వాత బతికున్నవాళ్ల పేర్లు. అంతా అయ్యాకే తినడం. ఏ పేరూ తప్పకూడదు. ఆ పాట మొత్తం వచ్చింది మా నాన్నమ్మ ఒక్కతికే.

నాన్నమ్మ పోయి రెండేళ్లవుతోంది. నిరుడు అమ్మ పాడబోయి మధ్యలో ఆగిపోయింది. తొమ్మిదో పేరు గుర్తు రాలేదు. నాన్న పోనీలెమ్మంటే మేమంతా తిన్నాం. అమ్మ తినలేదు. ఆ పూటే కాదు, ఏడాదంతా కొర్రన్నం ముట్టలేదు. మాకు వండిపెట్టి, తనకి రేషన్ బియ్యం వేరే వండుకుంది.

పాట మిగిలింది ఒక సీడీలో మాత్రమే. పాటలు సేకరించే ఒక మేడం ఎప్పుడో ఊరికి వచ్చి నాన్నమ్మ చేత పాడించి, తర్వాత ఆ డిస్కు ఇచ్చి వెళ్లింది. దాని మీద పెన్నుతో రాసిన సంవత్సరం నేను పుట్టడానికి రెండేళ్ల ముందుది. నా చిన్నప్పుడు పక్కింటి ప్లేయర్లో కొన్నిసార్లు విన్నాం. ప్లేయర్ పాడయ్యాక డిస్కు రేకు పెట్టెలో గీతలు పడుతూ ఉండిపోయింది.

ఈసారి పండగ లోపల దాన్ని అమ్మ ఫోన్లోకి ఎక్కిద్దామని హుకుంపేటలో వరహాలన్న షాపుకి తీసుకెళ్లాను. సాలూరు మనిషి. జెరాక్సులు, ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ ఆయన దగ్గరే. సీడీ డ్రైవ్ ఉన్న పాత సిస్టం నాకు తెలిసి ఆయనదొక్కటే.

ఎంత క్వాలిటీ పెట్టమంటావని అడిగితే నా తెలివంతా చూపించాను. అమ్మది బటన్ల ఫోను, మెమరీ కార్డు నిండిపోయింది. పాడేది ఒక్క గొంతు, స్టీరియో ఎందుకు, మోనో చాలు. బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత సమాచారం దాచాలన్నది, అరవై నాలుగు చాలు. ఫైలు ముచ్చటగా చిన్నది వచ్చింది. అమ్మ చెవికి ఆనించుకుని విని, తొమ్మిదో పేరు దగ్గర ఆపేసింది. తిరగలి చప్పుడులో పేరు అలుక్కుపోయింది. తప్పు పేరు పిలిస్తే ఆ పిడికెడు ఇంకెవరికో పోతుందని అమ్మ భయం.

రెండోసారి వెళ్లి ఇంకో తప్పు చేశాను. ఆ చిన్న ఫైలునే మూడు వందల ఇరవై బిట్‌రేట్‌కి మార్చమన్నాను. వరహాలన్న మార్చి ఇచ్చాడు, నవ్వుతూనే.

“పలసటి సారులో ఇంకో సెంబుడు నీల్లోత్తే సిక్కబడతాదేటమ్మా? కంప్యూటర్ల సదువని పేరొకటి.”

ఆయన అన్నది నిజం. ఎంపీత్రీ చేసేటప్పుడు, పెద్ద చప్పుడు కింద ఉన్న చిన్న చప్పుడు మనిషి చెవికి ఎలాగూ వినపడదని లెక్కేసి సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేస్తుంది. బిట్‌రేట్ తగ్గించినకొద్దీ ఇంకా ఎక్కువ వదిలేస్తుంది. ఒకసారి వదిలేసినది తర్వాత సైజు పెంచినా రాదు. ఇది నేను పరీక్షలో రాసిన జవాబే. రాసినదాన్ని చేతి దగ్గరికి వచ్చేసరికి మరిచాను.

మూడోసారి పద్ధతిగా చేశాం. డిస్కుని మధ్య నుంచి అంచుకి మెత్తటి బట్టతో తుడిచాం. డ్రైవ్ వేగం తగ్గించి, ప్రతి చోటా రెండుసార్లు చదివి సరిపోల్చుకునే సెట్టింగు పెట్టాం. ఏదీ వదిలెయ్యని ఫ్లాక్ ఫార్మాట్ ఎంచుకున్నాం. ఆ ఒక్క పాటకే ముప్పావుగంట పట్టింది. మధ్యాహ్నం, బయట వాన, షాపులో మేమిద్దరమే.

స్పీకర్లలో పెడితే నాన్నమ్మ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. తొమ్మిదో పేరు స్పష్టంగా వచ్చింది. గాసన్న. అరచేతిలో రాసుకున్నాను. పోయినవాళ్ల పేర్లు అయ్యాయి. తాత పేరు, నాన్న పేరు, చిన్నాన్న పేరు, అమ్మ పేరు. అక్కడితో పాట అయిపోవాలి. తర్వాత ఉత్త తిరగలి చప్పుడే అని నాకు తెలుసు. ఆ చప్పుడు కింద నుంచి, నెమ్మదిగా, నాన్నమ్మ గొంతు ఇంకొకటి పాడింది.

సదువుకున్న బుద్రికి ఒక పిడికెడు.

నేను బుధవారం పుట్టాను, అందుకని బుద్రి. మాలో వారం పేరు పెట్టడం మామూలే, చాలా ఊళ్లలో బుద్రిలున్నారు. కానీ మా ఇంట్లో నాకు ముందు ఆ పేరున్నవాళ్లు లేరు. చదువుకున్నవాళ్లు అసలే లేరు.

నా భ్రమేమో అనుకున్నాను. ముందు నోరు తెరిచింది వరహాలన్నే.

“ఏటే గుంటా, ముసలమ్మ నీ పేరెట్టి పాడతంది?”

ఆయన కీబోర్డు ముందుకి లాక్కుని హాల్ టికెట్ నంబరు అడిగాడు. రిజల్ట్స్‌కి ఇంకో వారం పడుతుందన్నారని చెప్పాను.

“బేగి సెప్పు. సూత్తే పోయేదేటి?”

ఆ పూటే వచ్చి ఉన్నాయి.

ఆయన మార్కులు ప్రింట్ తీస్తుంటే నేను సిస్టం ముందు కూర్చుని పరీక్షలు మొదలుపెట్టాను. ఆ ఫ్లాక్ ఫైలు నుంచి మూడు వందల ఇరవైలో ఎంపీత్రీ చేశాను. వేరియబుల్ బిట్‌రేట్‌లో అన్నిటికంటే పై సెట్టింగులో ఇంకొకటి చేశాను. రెండింట్లోనూ గాసన్న స్పష్టంగానే ఉన్నాడు. చివరి మాట మాత్రం లేదు, తిరగలే. అంత పై సెట్టింగులో ఒక మాట మొత్తం పోకూడదు. డిస్కు మళ్లీ మొదటి నుంచి చదివించాం. ఫ్లాక్‌లో మళ్లీ ఉంది. ఎంపీత్రీ చేస్తే మళ్లీ లేదు.

అమ్మ ఫోనే కాదు, నా బటన్ల ఫోను కూడా ఫ్లాక్ పాడదు. అందుకని అమ్మ కార్డులో పాతవి తీసేసి ఎంపీత్రీనే ఎక్కించుకుని ఇంటికెళ్లాను. పాసయ్యానని గుమ్మంలోనే చెప్పేశాను. అమ్మ నా తల రెండు చేతులతో పట్టుకుంది. నేను నా ఫోను తీసి మామయ్య నంబరు వెతుకుతుంటే లాక్కుంది.

“కొత్తది ముందు పెద్దోల్లకి. తరవాతే ఎవురికైనా.”

తర్వాత తన ఫోన్లో పాట పెట్టుకుంది. చివరి మాట సంగతి నేను చెప్పలేదు. గాసన్న పేరు దగ్గర కళ్లు మూసుకుంది. నేను కూడా పక్కనే చెవి ఆనించి ఉన్నాను. అమ్మ పేరు దాటాక నాకు రాతి చప్పుడే వినిపిస్తోంది. అమ్మ సరిగ్గా అక్కడే నా వైపు చూసి తలూపింది.

“ఏటి వినపడిందమ్మా నీకు?”

“నీ పేరే కదే. అత్త పాడినపుడు నాను పక్కనే ఉన్నాను. ఎవుర్తత్తా ఈ బుద్రి అనడిగితే, వత్తాదిలే అంది.”

“మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?”

“సెప్తే పొగరెక్కి సదవడం మానేద్దువు.”

అంటే ఆ మాట నిజంగా పాడిందే. అంతవరకు నా బుర్రకి ఎక్కుతుంది. నేను పుట్టకముందు నా పేరూ నా చదువూ నాన్నమ్మకి ఎలా తెలుసో ఎక్కదు. ఎన్ని సెట్టింగులు మార్చినా సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క మాటనే ఎందుకు వదిలేస్తోందో ఎక్కదు. వదిలేసిన ఫైలులో అమ్మకి ఎలా వినిపిస్తోందో అసలే ఎక్కదు. జ్ఞాపకం కొద్దీ వినపడిందనుకుందామంటే, అంత జ్ఞాపకమున్న మనిషి గాసన్నని ఎలా మరిచిపోయింది?

ఈ ఉదయం పండగ. అమ్మ ఒక్కచోటా ఆగకుండా పాడింది. గాసన్నకి ఈసారి పిడికెడు పడింది. నాన్నమ్మ పేరు ఇప్పుడు పోయినవాళ్ల వరసలో చివరిది. ఆమెకి పిడికెడు వేసి, నా మార్కుల కాగితం చాట పక్కన పెట్టించింది. అన్నిటికన్నా ఆఖరున నా పేరు, ఆ మాటలతోనే. అయ్యాక ఆకులో కొర్రన్నం పెట్టుకుని తింది. మారు కూడా వడ్డించుకుంది.

ఇప్పుడు సిగ్నల్ కోసం బడి వెనక రాయెక్కి కూర్చున్నాను. చెప్పాల్సినవాళ్ల పేర్లు రాస్తుంటే చెయ్యి ముందు నాన్నమ్మ పేరు రాసేసింది. కొట్టెయ్యలేదు, పక్కన టిక్కు పెట్టాను. ఇంకా మిగిలినవాళ్లు:

పార్వతీపురంలో మామయ్య.

పదిలో లెక్కలు తప్పితే మళ్లీ రాయించిన మాస్టారు.

అరకు కాఫీ తోటలో ఉన్న చిన్నాన్న, సాయంత్రం అయితేగాని దొరకడు.

ఆరు నెలలయ్యాక చివరి గదిలోకి నాకు తోడొచ్చిన సుకాంతి.

వరహాలన్న, ఆ ఫ్లాక్ ఫైలు తుడిచెయ్యొద్దని.

పాట రికార్డు చేసిన ఆ మేడం. నంబరు ఎవరినైనా అడగాలి.