నేను కడిగిన క్యాసెట్

ఎనభైల మొదట్లో, ఆదివారం పొద్దున పది గంటలకు, వరంగల్ చౌరస్తాకు దగ్గర్లో ఒక బట్టల దుకాణం మీది గదిలో నలుగురు పెద్దమనుషులు రెండు కుండల ముందు కూర్చుని కళ్ళు మూసుకునేవారు. వాళ్ళలో నేనొకదాన్ని. అది పూజ కాదు. ఆ కుండల్లో స్పీకర్లుండేవి. నీళ్ళకుండ మూతికి స్పీకర్ బిగిస్తే బేస్ గంభీరంగా వస్తుందని మా రేడియో మెకానిక్ ఎక్కడో విని వచ్చాడు. కుమ్మరి దగ్గర బేరమాడి తెచ్చిన ఆ రెండు కుండలను ఎడమవైపొకటి, కుడివైపొకటి పెట్టుకుని మేము తరించేవాళ్ళం.

గది, దుకాణం రెండూ సేటువి. యాంప్లిఫయర్ ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్‌ది. ఆయన సొంతంగా చేసుకున్నది, ముట్టుకుంటే జివ్వుమనేది. కుండలు మెకానిక్‌వి. ఇక నేను పట్టుకెళ్ళేది నా నోరు. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం, బీఏ డిగ్రీ, పాడైపోని చెవులు, వీటిని చూసుకుని నాకు చాలా గర్వం. ఏ క్యాసెట్ పెట్టినా మొదటి తప్పు నేనే పట్టాలి. తప్పు లేకపోతే లేదని ఒప్పుకోవడానికి నాకు రెండు వారాలు పట్టేది.

మేము పాటలు వినేవాళ్ళమని మీరనుకుంటే పొరపాటు. పాట వినడం మామూలు మనుషుల పని. మేము పాట వెనకాల ఏముందో వినేవాళ్ళం. టేపు తిరుగుతుంటే సుయ్‌మని సన్నగా ఒక చప్పుడొస్తుంది, దాన్ని హిస్ అనేవాళ్ళం. కరెంటు మూలుగుతుంది, అది హమ్. ఈ రెండూ మాకు ఆజన్మ శత్రువులు. ఒకసారి లెక్చరర్ కాజీపేట స్టేషన్‌లో రెండు మైకులు పెట్టి రైలు చప్పుడు రికార్డు చేసుకొచ్చాడు. రైలు ఎడమ కుండలోంచి వచ్చి కుడి కుండలోకి పోయింది. దాన్ని మళ్ళీ మళ్ళీ పంపించాం. "ఇంజన్ మంచిగనే వచ్చింది సార్, గార్డు డబ్బా కాడ హిస్ ఉన్నది" అని నేను తీర్పు చెప్పాను. ముగ్గురు మగవాళ్ళు గంభీరంగా తలలూపారు. నా జన్మ ధన్యమైంది.

మేము అద్దెకున్న ఇంట్లో పైన మా సంసారం, కింద గదిలో ఇంకొకామె. రఘునాథపల్లి దగ్గరి పల్లెటూరు ఆమెది. భర్త దుబాయిలో కట్టడం పనికి పోయాడు. బిడ్డ రెండో తరగతి. ఆమె కుట్టుమిషన్ పెట్టుకుని వాడకట్టు జాకెట్లన్నీ కుట్టేది. ఒక శనివారం సాయంత్రం కింది నుంచి ఆమె గొంతు వినబడింది. కాసేపటికి అదే గొంతు, అవే మాటలు మళ్ళీ వినబడ్డాయి, కానీ ఈసారి వెనకాల హమ్ కూడా ఉంది. టూఇన్‌వన్‌లో ఏదో రికార్డు చేసి సరిచూసుకుంటోందన్నమాట. పిలవని పేరంటానికి పోవద్దంటారు. ఆ హమ్ వింటూ నేను పైన ఎట్లా కూర్చోను?

"ఏందక్కా, గట్ల ఉరికొచ్చిండ్రు?" అంది.

"నీ టేపు మిషన్‌ల హమ్ ఉన్నది. టేపు రాసుకునే హెడ్డు కడిగి ఎన్ని రోజులైంది?"

"హెడ్డు కడుగుడా? నాకు గిన్నెలు కడుగుడే అయితలేదు."

అది దుబాయికి పంపే క్యాసెట్ అని చెప్పింది. గురువారం వాళ్ళ ఊరాయన అక్కడికి పోతున్నాడట, ఆయన చేతికివ్వాలి. ఉత్తరం రాస్తే సరిపోదా అన్నాను.

"ఆయనకు చదువు రాకపాయె. రూముల ఉండేటోళ్ళు చదివి చెప్తరు. మా ఇద్దరి ముచ్చట పదిమంది నోట్లెకెందుకు? క్యాసెట్ అయితే చెవులకు పెట్టుకోని ఆయనొక్కడే ఇంటడు. అదీగాక, ఈపాలి ముచ్చట పెద్దది. కోతలు కాంగనే మా అత్త వస్తదట. ఈ గది ఖాళీ చేపిచ్చి నన్నూ పిల్లనూ ఊరికి తోల్కపోతనంటాంది. ఈడ పిల్లకు బడున్నది, నాకు మిషనున్నది. నేను పోనంటే ఆమె ఇనదు. కొడుకు ఒక్కమాట అంటే ఆగుతది. ఆ మాట అడుగుడుకే ఈ క్యాసెట్."

ఇదంతా నా చెవుల్లో పడింది. చెవులు మంచివని చెప్పానుగా. చెవుల్లో పడ్డది లోపలికి పోవాలంటే ఇంకేదో కావాలి, అది నా దగ్గర లేదు. అందుకే, "రేపొక్కరోజు నాకియ్యి. సాఫ్ చేసి అద్దం లెక్క తెస్త" అన్నాను.

"మీరు ఇనరు గదా?"

"ఛ! నేను మాటలెందుకు ఇంట? సౌండు చూస్త, అంతే."

"సౌండు చూసుడేందో, ఏం చదువులో!" అని నవ్వి ఇచ్చింది.

మరునాడు కుండల ముందు పెట్టాను. ఒక మిషన్‌లో ఆమె క్యాసెట్, ఇంకో మిషన్‌లో సేటు ప్రేమతో ఇచ్చిన కొత్త ఫారిన్ క్యాసెట్. దీన్నుంచి దానికి ఎక్కించాలి. లెక్చరర్ కళ్ళు మూసుకుని విన్నాడు. "మాటల మధ్య సందులు చాలా ఉన్నాయి మేడం. మాట లేనిచోటే హిస్ బయటపడుతుంది" అన్నాడు. అట్లయితే సందులన్నీ తీసేద్దామన్నాను. సందు రాగానే పాజ్ బటన్ నొక్కాలి, మాట మొదలు కాగానే వదలాలి. ఆ పనికి నా బొటనవేలును మించింది వరంగల్ జిల్లాలోనే లేదని నా నమ్మకం.

చివరికొచ్చేసరికి మెకానిక్ చెయ్యెత్తాడు. "అక్కా, ఈడ పెద్ద సందున్నది. సందు తర్వాత మాట ఉన్నది గని లెవెల్ పడిపోయింది. మైకుకు దూరం జరిగినట్టున్నది. పెంచితే అంత సుయ్ సుయ్‌మంటది."

"తీసెయ్. రెండు మాటల కోసం మొత్తం క్యాసెట్ ఖరాబు చేసుకుంటమా?" అన్నాను.

సేటు చాయ్ తెప్పించాడు. శుభ్రమైన క్యాసెట్‌ను మొదటినుంచి చివరిదాకా మళ్ళీ విని ఒకళ్ళనొకళ్ళం మెచ్చుకున్నాం. ఆ పొద్దు మేము దాన్ని నాలుగైదుసార్లు విని ఉంటాం. ఆమె ఏం చెప్పిందని మా నలుగురిలో ఎవర్ని అడిగినా తెల్లమొహం వేసేవాళ్ళమే. సాయంత్రం కొత్త క్యాసెట్ ఆమె చేతిలో పెట్టాను. వినమన్నాను కూడా. "నా ముచ్చట నేనేం ఇనాలె, టైం లేదు" అని గుడ్డలో చుట్టి పెట్టుకుంది. పాతది అసలుది కాబట్టి పారెయ్యకూడదని నేనే దాచాను. మాకు అదొక పట్టింపు.

నెల దాటాక జవాబు క్యాసెట్ వచ్చింది. ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, నేనడిగినదానికి ఆయన జవాబే ఇయ్యలే. 'రేడియోల మాట్లాడినట్టు ఫటఫట మంచిగ మాట్లాడినవ్' అంటాండు. 'అమ్మ వస్తాందట గదా, ఇద్దరు కలిసి ఊరికి పోన్రి, నాకు ఫికర్ ఉండది' అంటాండు. అంతగనం బతిమిలాడిన, చెవుల పడలేదా ఆయనకు?"

బతిమాలడమా? నాకు బతిమాలినట్టు ఏమీ గుర్తులేదు. దాచిన క్యాసెట్ తీసి నా మిషన్‌లో పెట్టాను. ఇద్దరం నేలమీద కూర్చున్నాం. పిల్ల చదువు, జాకెట్ల గిరాకీలు, నల్లానీళ్ళ గోల, అత్త కబురు, ఇవన్నీ గడిచాయి. అప్పుడొచ్చింది ఆ సందు. ఆమె ముక్కు ఎగబీల్చడం వినబడింది. కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తర్వాత దూరం నుంచి, హిస్ కిందినుంచి, చిన్న గొంతు వచ్చింది. "నేను పోను. నువ్వు చెప్పకున్నా పోను. గని నువ్వు చెప్తే నాకు ధైర్నముంటది. అమ్మకు చెప్పు. ఒక్కపాలి చెప్పు."

ఆమె నా మొహం చూసింది. నేను నా బొటనవేలు చూసుకున్నాను.

"ఇది తీసేసిండ్రా?"

"లెవెల్ తక్కువుండె..." అన్నాను. అబద్ధం కాదు, లెవెల్ నిజంగానే తక్కువుండె.

"మీరొక్కరే చేసిండ్రా?"

"నలుగురం."

"మొగోళ్ళా?"

"ముగ్గురు."

మిషన్‌లో ఇంకా తిరుగుతున్న టేపును చూస్తూ కూర్చుంది. ఆ సందును ఏ బటన్ నొక్కి తీసెయ్యాలో నాకు తెలియలేదు. చివరికి అంది, "ఆడ రూములోళ్ళు ఇంటరని ఉత్తరం బంద్ వెట్టిన. మీరు ఈడ చౌరస్తల దండోర ఏసిండ్రు."

అప్పటికైనా నోరు మూసుకోవచ్చు. నేనా? "వాళ్ళు మాటలు ఇననే లేదమ్మా! ఒట్టు! హిస్ ఒక్కటే ఇన్నరు" అని వాదించాను.

"మాట ఇననోళ్ళకు చెవులెందుకక్కా?"

నా పక్షాన ఇంకా రెండు మూడు వాదనలు మిగిలే ఉన్నాయి. ఆమె వాటికోసం ఆగలేదు, క్యాసెట్ లాక్కుని దిగిపోయింది. మరునాడు తన టూఇన్‌వన్‌లోనే కొత్తగా మాట్లాడి రికార్డు చేసుకుంది. హెడ్డు దూదితో తుడిచి పెట్టనా అని కిటికీలోంచి అడిగాను. "మీరు మీ ఇంట్ల కూసోండి. తలుపేస్కోండి" అంది. వేసుకున్నాను. పదిరోజులకు దుబాయి పోయే ఇంకో మనిషి దొరికితే అతని చేతికిచ్చింది.

ఆ క్యాసెట్ పోయి జవాబు వచ్చేలోపే అత్త దిగింది, రెండు ఖాళీ గోనెసంచులతో సహా. సామాను కట్టుకుపోవడానికట. కోడలు నన్ను పక్కకు పిలిచి నాకు శిక్ష వేసింది. "జవాబొచ్చేదాంక మా అత్తను ఆపే జిమ్మా మీది. ఎట్ల ఆపుతరో నాకు తెల్వది."

వాదించడం నా వృత్తిలాంటిది కాబట్టి ముసలామెకు కళ్ళు మసకబారాయని వాదించి ఒప్పించాను. ఆఫీసుకు సెలవు పెట్టి పెద్ద దవాఖానకు తీసుకుపోయి చూపించాను. అద్దాలు రాసిచ్చారు. అద్దాల దుకాణాయన నాలుగు రోజుల్లో ఇస్తానన్నాడు. ఆమెను బయట కూర్చోబెట్టి, జర ఎక్కువ రోజులు పట్టనియ్యండి అన్నాను. ఆలస్యం చెయ్యమని బతిమాలే గిరాకీని ఆయన అంతకుముందు చూసి ఉండడు. ఖిలా వరంగల్ తీసుకుపోతే అక్కడి రాళ్ళు ఒక్కొక్కటీ చూసి, ఇంత మంచి బండలు పడేసుకున్నారేమని కాకతీయ రాజుల మీద మండిపడింది. పొలం, మోకాళ్ళు, తోటికోడళ్ళు, ఈ మూడింటి గురించీ పొద్దుటినుంచి సాయంత్రందాకా సందు లేకుండా చెప్పేది. నేను మధ్యలో నోరు తెరిచినప్పుడల్లా, "ఆగు బిడ్డా, చెప్తాన గద" అనేది. నా జీవితంలో నాకంటే ఎక్కువ మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. అన్ని మాటల్లోనూ నాకు మెల్లగా తెలిసిందేమిటంటే, ఆమె కోడలిని సాధించడానికి రాలేదు. ఊళ్ళో ఒక్కతే ఉండలేకపోతోంది. ఆ సంగతి నోరు విప్పి చెప్పలేదు. తోటికోడలి ఇంట్లో దీపం పెట్టగానే ఎన్ని గొంతులు వినబడతాయో లెక్కపెట్టి చెప్పి ఊరుకుంది.

ఒక ఆదివారం ఇంకెక్కడికీ తోచక సేటు గదికే తీసుకుపోయాను. లెక్చరర్ మర్యాదకు తన రైలు పెట్టాడు. ఎడమ కుండలోంచి బయల్దేరిన రైలు కుడి కుండలోకి పోయింది. మేము అలవాటుగా కళ్ళు మూసుకున్నాం. ముసలామె లేచి రెండు కుండల్లోకీ తొంగి చూసింది.

"టేషన్ ఆడ్నే గద? లేచి పోతే రైలే కనవడ్తది. గిట్ల కండ్లు మూసుకోని కూసునుడేందయ్యా, జరం గిన వచ్చిందా?"

సేటు నవ్వు ఆపుకోలేక కిందికి దిగిపోయాడు. లెక్చరర్ హిస్ గురించి ఆమెకు వివరించబోయాడు. ఆమె విని, "ముసల్దాన్ని, నాకు చెవుల ఎప్పుడు గదే ఉంటది" అంది.

అద్దాలు చేతికొచ్చిన రెండో రోజుకు దుబాయి నుంచి క్యాసెట్ వచ్చింది. కోడలు అత్తను గదిలోకి పిలిచి తలుపు వేసుకుంది. నేను మెట్లమీద కూర్చున్నాను. పిలుస్తారేమోనని కూర్చున్నానంటే అది అబద్ధమవుతుంది. తలుపు వెనకనుంచి మగగొంతు అస్పష్టంగా వినబడింది, మాట ఒక్కటీ తెలియలేదు. గార్డు డబ్బా దగ్గరి హిస్ పట్టిన చెవులకు ఒక మామూలు టేకు తలుపు అడ్డమొచ్చింది. కొంతసేపయ్యాక గొంతు ఆగిపోయింది. ఏదో బటన్ టక్కుమంది. మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టారు. అత్తే పెట్టమని ఉంటుంది, ఎందుకంటే రెండోసారి ముక్కు చీదిన చప్పుడు ముసలి ముక్కుది.

మరునాడు ఒక్క గోనెసంచిలో మనుమరాలి పాత బట్టలు పెట్టుకుని బయల్దేరింది. రెండోది మడిచి చంకలో పెట్టుకుంది. రిక్షా ఎక్కబోతూ నావైపు కొత్త అద్దాలు సవరించుకుని చూసింది.

"నా కోడలు ఈడ్నే ఉంటది. బడి సెలవులకు పిల్లను నాకాడికి తోలుతది. నా కొడుకు చెప్పిండు."

"ఇంకేం చెప్పిండు పెద్దమ్మా?" అన్నాను.

"నీకెందుకు బిడ్డా?" అంది. రిక్షా కదిలింది.

సాయంత్రం కిందికి దిగి కోడలిని అడిగాను. క్షమాపణగా ఒక కొత్త క్యాసెట్ కూడా పట్టుకుపోయాను. ఆమె క్యాసెట్ తీసుకుని అల్మారాలో పెట్టింది. "ఆయన ఏమన్నడు?" అని అడిగాను. ఆమె జాకెట్ గుడ్డను సూది కిందికి జరిపి, మిషన్ ఎంత గట్టిగా తొక్కిందంటే ఆ చప్పుడులో నా రెండో ప్రశ్న నాకే వినబడలేదు.